లిఫ్టు ఉన్న మనిషి

మైకుకీ పెదవికీ మధ్య జానెడు దూరం.
ఆ జానెడే నా జీవనాధారం.

ఇరవై రెండేళ్ళుగా మార్సెయ్‌లో,
పాత సబ్బుల గోదాము వెనక గదిలో,
గొంతులు ఉతికి ఇస్త్రీ చేసే పని నాది.
మందుల ప్రకటనల గొంతులు, చర్చి పిల్లల గొంతులు,
జలుబుతో వచ్చి జలుబు లేకుండా వెళ్ళిన
ఒక పెద్దాయన గొంతు.
ముడత కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు.

నసూఫ్ వచ్చిన రోజు మిస్ట్రాల్ గాలి
తలుపు సందులో ఈల వేస్తోంది.
నాలుగింటికి రావాల్సినవాడు ఆరింటికొచ్చాడు,
వెంట ముగ్గురు స్నేహితులు, వేయించిన కోడి పొట్లం.
గంటల లెక్కన డబ్బు తీసుకునేదాన్ని,
గడియారం వైపు చూశాను.
అతనూ చూశాడు.
"మదామ్ ఒడీల్, అది ఏ తాళంలో నడుస్తోంది?"
అప్పుడు నవ్వలేదు. రాత్రి బస్సులో నవ్వాను.

స్టాండు ముందు అతని చేతులు దిక్కులేనివైపోయాయి.
వేదిక మీద మైకుని పిడికిట బిగించే మనిషి,
ఇక్కడ ఏం పట్టుకోవాలి?
చచ్చిపోయిన పాత మైకొకటి సొరుగులోంచి తీసిచ్చాను,
దాని తీగ ఎక్కడికీ పోదు.
పట్టుకోగానే భుజాలు దిగాయి, గొంతు దిగింది,
'ప'లూ 'బ'లూ టపాకాయల్లా పేలడం మానేశాయి.

మధ్యలో కొమోరోస్ మాట ఒకటి దొర్లింది.
అర్థం తెలియని మాట మీద కత్తెర పెట్టను,
అడిగాను.
"మా నానమ్మ మేకని తిట్టే తిట్టు" అన్నాడు.
ఆ తిట్టులో ఒక్క అక్షరం కూడా సవరించలేదు.

"ఇంకోసారి" అనలేదు ఒక్కసారీ.
"ఇది దాచాను, ఇప్పుడు నీ కోసం ఒకటి" అన్నాను.
తొమ్మిదోది అతని కోసం పాడాడు.
గదిలో కోడి ఎముకలు కూడా కదల్లేదు.

అక్కడితో ఆపి ఇంటికెళ్ళాల్సింది.
తెల్లవారుజాము దాకా కూర్చుని
పాదానికీ పాదానికీ మధ్య ఊపిరి ఏరాను,
బియ్యంలో రాళ్ళు ఏరినట్టు.
అరవై నాలుగు.
అడక్కుండానే చేశాను, కానుక అనుకున్నాను.

మర్నాడు సరిగ్గా నాలుగింటికి వచ్చాడు.
విన్నాడు.
హెడ్‌ఫోన్లు తీసి, నిండు గ్లాసు పెట్టినంత మెల్లగా
బల్ల మీద పెట్టాడు.
"ఎవరితను?"
"నువ్వే."
"కాదు. ఇతనికి లిఫ్టు ఉంది."

వాళ్ళది పదకొండో అంతస్తు.
లిఫ్టు చచ్చి మూడు చలికాలాలు.
మెట్టుకో మాట, మలుపుకో ప్రాస,
నీళ్ళ సీసాలు రెండు చేతులా మోస్తూ
పాట మొత్తం ఎక్కుతూనే కట్టాడట.
"మీరు ఏరేసినవి మలుపులు, మదామ్.
మలుపు లేకపోతే మనిషి గోడలోకి పోతాడు."

రేడియో గురించి చెబుదామని నోరు తెరిచాను.
ఊపిరి ఒక్కటే వచ్చింది.
నా పాటైతే దాన్నీ కోసేసేదాన్ని.

మా పనిలో మడీ ఆచారమూ ఒకటే:
మొదటి ఫైలు చెరపకూడదు.
ఒక్కొక్కటే వెనక్కి పెడుతుంటే పక్కనే నిలబడ్డాడు.
మూడింటి దగ్గర నా మోచెయ్యి తట్టి,
"ఇవి వద్దు. మెట్లవి కావు, సిగరెట్టువి."

వాటాల కాగితం మీద
తన పేరు, తాళం కట్టిన కుర్రాడి పేరు, నా పేరు రాశాడు.
కింద వంకరగా: లిఫ్టు, సున్న శాతం.
సంతకం పెట్టాను.

అతని ప్రతి ఇవ్వడానికి నేనే వెళ్ళాను.
తపాలాకి పెద్ద ఖర్చేం కాదు, అయినా వెళ్ళాను.
నాలుగో అంతస్తులో ఎవరో ఉల్లిపాయలు వేయిస్తున్నారు.
ఏడో మలుపులో రెయిలింగు పట్టుకుని ఆగాను.
పైనుంచి అతని గొంతు, కొత్త చరణమేదో,
మెట్టు మెట్టుకీ దగ్గరవుతోంది.
నా ఊపిరి గట్టిగా వినిపిస్తోంది.
తగ్గించడానికి చేతి కింద మీట లేదు.